ఆరేళ్ళకి 19 రోజులు తక్కువ

2023 జూన్‌లో మా అక్క మమ్మల్ని ఓడ ఎక్కించింది. అక్క ఉండేది హ్యూస్టన్‌లో. అక్కడికి గంట ప్రయాణంలో గాల్వెస్టన్ రేవు ఉంది. ఆ రేవులో ఎక్కితే మెక్సికోలోని కోజుమెల్ దాకా తీసుకెళ్ళి, ఐదు రాత్రుల తర్వాత మళ్ళీ అక్కడే దింపే క్రూయిజ్ అది. టిక్కెట్లు కొన్నది అసలు అమ్మ కోసం. అమ్మ అంతకుముందు రెండుసార్లు అమెరికా వెళ్ళింది, రెండుసార్లూ అక్క పురుళ్ళకే. వెళ్ళినప్పుడల్లా ఆరు నెలలు వంటగదికీ పడగ్గదికీ మధ్య తిరిగి, పసిపిల్లలకి నలుగుపెట్టి నీళ్ళు పోసి, బాలింతకి పథ్యం వండి, గడువు తీరగానే విమానమెక్కి వచ్చేసింది. "ఈసారి నువ్వు ఏ పనీ చెయ్యకూడదు, కూర్చుని సముద్రం చూడాలి, అంతే" అని అక్క అమ్మ చేత ఒట్టు వేయించుకుంది. అమ్మకి తెలిసిన సముద్రం సూర్యలంక ఒక్కటే. అదీ కార్తీక మాసంలో, పిల్లల్ని ఒడ్డున కాపలా కాస్తూ, మోకాళ్ళ లోతు వరకే.

ఓడెక్కిన మధ్యాహ్నం పిల్లల క్లబ్బులో పేర్లు రాయించడానికి వెళ్ళాం. మొత్తం ముగ్గురు పిల్లలు: అక్క కొడుకు పదేళ్ళవాడు, కూతురు ఆరేళ్ళ మూడు నెలలది, మా పాప. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మా కార్డుల్ని మెషీన్ మీద పెట్టి చూసి, ముగ్గురి చేతులకీ మూడు వేరువేరు రంగుల పట్టీలు కట్టింది. 3 నుంచి 5 ఏళ్ళ వాళ్ళు ఒక గది, 6 నుంచి 8 ఒక గది, 9 నుంచి 11 ఒక గది. మా పాపకి ఆరేళ్ళు నిండడానికి ఇంకా 19 రోజులున్నాయి. ఓడ బయల్దేరే రోజుకి ఎంత వయసన్నదే లెక్క.

"వీళ్ళిద్దరూ ఒకచోట ఉంటారు" అని అక్క అడిగింది. "తోబుట్టువులా?" అందామె. అక్క ఒక క్షణం ఆగి, "కజిన్స్" అంది. మా పాపకి ఆ మాటకి అర్థం తెలీదు. అక్కచెల్లెళ్ళ పిల్లలు మనకి అక్కచెల్లెళ్ళే. తోబుట్టువులైనా కుదరదని ఆమె మర్యాదగా చెప్పింది. కిందటి వారమే ఎవరో కవలల్లాంటి అన్నదమ్ముల విషయంలో ఇలాగే అయిందనీ, గీత ఒకరికి జరిపితే అందరికీ జరపాలనీ అంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

మా పాప ఆ గదిలో 40 నిముషాలుంది. తర్వాత ఫోనొచ్చింది. తలుపు దగ్గర కూర్చుని "అక్క దగ్గరికి" అని తెలుగులో ఏడుస్తోంది. అక్కడ తెలుగు తెలిసినవాళ్ళు ఎవరున్నారు? మర్నాడు మళ్ళీ పంపించాం, మళ్ళీ అదే జరిగింది. అప్పుడు అమ్మ, "ఎందుకే దాన్ని ఏడిపిస్తారు, నా దగ్గర ఉంటుందిలే, మీరు వెళ్ళండి" అంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. దాచడం ఎందుకు? ఏడాదిగా పూర్తికాని వ్యాసం ఒకటి నాతో ఉంది, డెక్ మీద నీడ ఉంది, కుర్చీ ఉంది. పిల్ల పుట్టిన ఐదేళ్ళ తర్వాత నాకు వరసగా మూడు గంటలు దొరికాయి. ఆ మూడు గంటలు ఓడ కంపెనీ ఇచ్చినవి కావు, అమ్మ ఇచ్చినవి. ఈ సంగతి తట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది.

తిరిగి వచ్చాక ఆ గీత నన్ను వదల్లేదు. సముద్రం మీద పిల్లల్ని వయసునిబట్టి విడదీయడం ఎప్పుడు మొదలైంది? ఎవరి అవసరం కోసం? వెతుకుతూ వెళ్తే ఆటపాటల చరిత్ర కన్నా ముందు సామాను లెక్కల చరిత్ర తగిలింది.

పందొమ్మిదో శతాబ్దంలో లక్షలాది మంది బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి వలసపోతున్నప్పుడు, ఓడల్లో మనుషుల్ని కుక్కి తీసుకెళ్ళకుండా అక్కడి పార్లమెంటు వరసగా చట్టాలు చేసింది. అందులో 1855 నాటి ప్యాసెంజర్స్ యాక్టు ముఖ్యమైనది. ఆ చట్టంలో 'స్టాట్యూట్ ఎడల్ట్' అనే మాట ఉంది, అంటే చట్టం లెక్కలో ఒక పూర్తి మనిషి. పన్నెండేళ్ళు నిండినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక పూర్తి మనిషి. ఏడాదికీ పన్నెండేళ్ళకీ మధ్య పిల్లలు ఇద్దరు కలిస్తే ఒక మనిషి. ఏడాది లోపు బిడ్డ ఈ లెక్కలోకే రాదు. చోటు, తిండి, నీళ్ళు అన్నీ ఈ కొలత ప్రకారమే. ఒక్కో పూర్తి మనిషికి రోజుకి మూడు క్వార్టుల నీళ్ళు, అంటే మన కొలతలో సుమారు 3.4 లీటర్లు. పదకొండు నెలల బిడ్డకి వాటా లేదు. దాని గుడ్డలు ఉతికే నీళ్ళు, దాని నోరు తడిపే నీళ్ళు, దానికి పాలు పడటానికి తల్లి తాగాల్సిన నీళ్ళు, అన్నీ ఆ తల్లి మూడు క్వార్టుల్లోంచే రావాలి. చట్టం సున్నా అని రాసినచోట నిజంగా సున్నా లేదు. ఆ సున్నాని ఒక ఆడమనిషి తన వాటాలోంచి పూడ్చింది.

అదే చట్టంలో ఇంకో గీత కూడా ఉంది. 14 ఏళ్ళు దాటిన మగవాళ్ళు, భార్యతో కలిసి పడుకునేవాళ్ళు తప్ప, అందరూ ఓడ ముందుభాగంలో అడ్డుగోడ అవతల పడుకోవాలి. స్త్రీల రక్షణ కోసం పెట్టిన నియమం అది, అవసరమైనది కూడా. కానీ విధవరాలైన తల్లి పద్నాలుగేళ్ళ కొడుకుతో వలసపోతుంటే, వాడు ఆ రాత్రి నుంచి ఆమెకి పరాయి మగవాడు.

ఈ లెక్కలు మనకి దూరం కావు. 1860 అక్టోబరు 12న మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరుకు తోటలకి ఒప్పంద కూలీలను తీసుకెళ్ళిన మొదటి ఓడ అదే. మద్రాసు నుంచి ఆ ఓడలోనూ, తర్వాతి ఓడల్లోనూ వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. కూలీ ఓడల్లోనూ పిల్లల లెక్క ఇలాగే, సగం సగం. ఒడ్డున దిగాక ఈ సగం లెక్క ఆడవాళ్ళ దాకా పాకింది. నేటాల్‌లో మగ కూలీకి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఆడవాళ్ళకి అందులో సగం. ఓడ మీద పసివాడు అరమనిషి, ఒడ్డున వాడి తల్లి అరమనిషి. నేటాల్ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు అని వరసగా గళ్ళు గీసి నింపారు. ఆ వయసుల్ని చూస్తుంటే నాకు అమ్మ పాస్‌పోర్టు గుర్తొచ్చింది. అందులో ఆమె పుట్టినరోజు జూలై 1, బళ్ళో మేష్టారు వేసిన తారీఖు. నిజానికి ఆమె పుట్టింది నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసిన 1955లో, వరికోతల రోజుల్లో. అంతకుమించి ఎవరికీ తెలీదు. తన పుట్టినరోజు తనకే తెలియని మనిషి, మనవరాలి 19 రోజుల తక్కువని మూడు రోజులు మోసింది.

అదే కాలంలో అదే సముద్రాల మీద ఇంకో రకం పిల్లలూ ప్రయాణం చేశారు. బ్రిటిషు అధికారుల పిల్లలు వాళ్ళు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఇంగ్లండుకీ ఇండియాకీ మధ్య రాకపోకలు పెరిగాయి. తెల్లదొరసానులు పిల్లల్ని చూసుకోవడానికి ఇక్కడి నుంచి ఆయాల్ని వెంటపెట్టుకుని ఓడెక్కేవాళ్ళు. ఆ ఓడల్లో వయసుల గదులు లేవు. ఒక ఆయా ఉంటే చాలు, నెలల పిల్ల నుంచి పదేళ్ళవాడి దాకా అందరికీ ఆమే గది. ఆనాటి పత్రికల్లో అచ్చయిన ప్రయాణికుల జాబితాల్లో దొరసాని పేరుంటుంది, పక్కన 'బిడ్డ, ఆయా' అని ఉంటుంది. ఆయా పేరు ఉండదు.

లండన్ చేరాక పని అయిపోయిందని కొందరు ఆ ఆయాల్ని తిరుగు టిక్కెట్టు లేకుండానే వదిలేశారు. అలాంటివాళ్ళకీ, తిరుగు ప్రయాణంలో మరో కుటుంబం కోసం ఎదురుచూసేవాళ్ళకీ తల దాచుకోవడానికి అక్కడ ఆయాస్ హోమ్ ఉండేది. మొదట ఆల్డ్‌గేట్‌లో, 1900 నుంచి హాక్నీలో. మిసెస్ ఆంటొనీ పరేరా అనే ఆయా ఈ సముద్ర ప్రయాణం 54 సార్లు చేసినట్టు నమోదైంది. రోజీనా విశ్రమ్ 1986లో రాసిన 'ఆయాస్, లాస్కార్స్ అండ్ ప్రిన్సెస్' పుస్తకం లేకపోతే ఈ స్త్రీలు మన చరిత్రలోకి వచ్చేవాళ్ళే కాదు. హాక్నీలోని ఆ ఇంటికి 2022లో నీలం ఫలకం పెట్టారు. 54 సార్లు సముద్రం దాటిన మనిషి ఎన్నిసార్లు తీరిగ్గా డెక్ మీద నిలబడి నీళ్ళ వైపు చూసి ఉంటుంది?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద లైనర్లు వచ్చాక పిల్లలకి విడిగా గదులు కట్టడం మొదలైంది. పెద్దవాళ్ళు భోజనాలకి కూర్చునే వేళ పిల్లలు కనిపించకుండా, వినిపించకుండా ఉండాలి. అందుకే పిల్లలకి ముందుగానే వేరే అన్నం పెట్టేసేవాళ్ళు. 1935 మేలో తొలి ప్రయాణం చేసిన ఫ్రెంచి ఓడ నార్మండీలో పిల్లల భోజనశాల గోడల నిండా బాబర్ అనే ఏనుగు బొమ్మలుండేవి. వేసింది ఆ బొమ్మల పుస్తకాల రచయిత జాఁ ద బ్రునాఫ్. ఆ ఏనుగు కథ పుట్టింది మాత్రం ఆయన బుర్రలో కాదు. ఆయన భార్య సెసిల్ 1930లో తన ఇద్దరు కొడుకులకి నిద్రపుచ్చుతూ చెప్పిన కథ అది. 1931లో పుస్తకం వచ్చేటప్పుడు పేరు వేస్తామన్నా ఆమె వద్దంది. తల్లి పక్కమీద చెప్పిన కథ ఐదేళ్ళు తిరక్కుండా, తల్లులు పక్కన లేకుండా పిల్లలు అన్నం తినే గదికి అలంకారమైంది. ఆ కథ మొదలయ్యేది కూడా వేటగాడి తుపాకీకి తల్లి ఏనుగు చచ్చిపోవడంతోనే.

అయితే ఆ గది పిల్లలందరికీ ఒకటే గది. 3-5, 6-8, 9-11 అనే సన్నటి గీతలు ఇంకా ఓడెక్కలేదు. అవి ముందు నేలమీద తయారయ్యాయి. హోవర్డ్ చుదకాఫ్ అనే చరిత్రకారుడు 1989లో 'హౌ ఓల్డ్ ఆర్ యూ?' అని అమెరికాలో వయసు స్పృహ ఎలా పెరిగిందో ఒక పుస్తకమే రాశాడు. పందొమ్మిదో శతాబ్దం సగం వరకూ అక్కడ అన్ని వయసుల పిల్లలూ ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర చదువుకునేవాళ్ళు. మన వీధిబడి కూడా అంతే కదా! 1840ల చివర్లో బోస్టన్‌లో క్వించీ స్కూల్ వచ్చింది, ఒక్కో తరగతికి ఒక్కో గది, ఒక్కో టీచరు. ఆ టీచర్లలో ఎక్కువమంది తక్కువ జీతానికి దొరికే ఆడవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దంలో మనస్తత్వ శాస్త్రం వచ్చి ఏ నెలకి బిడ్డ ఏం చెయ్యాలో పట్టికలు వేసింది. యేల్‌లో ఆర్నల్డ్ గెసెల్ చేసిన పని అదే. దాని వెనకే బజారు వచ్చింది. డేనియల్ కుక్ 2004లో రాసిన పుస్తకంలో ఒక సంగతి ఉంది. 'టాడ్లర్' అనే మాట ఒక వయసు పేరుగా స్థిరపడింది 1930ల మధ్యలో, అమెరికా బట్టల దుకాణాల్లో, ఒక సైజుల అరగా! తల్లికి కొనే పని తేలికవ్వాలంటే పిల్లల్ని సన్నసన్నగా విడదీయాలి. 1944 సెప్టెంబరులో 'సెవెన్టీన్' పత్రిక మొదలయ్యేనాటికి టీనేజి అమ్మాయి కూడా విడిగా ఒక కొనుగోలుదారు.

ఈ బడి, ఈ పట్టిక, ఈ బజారు మూడూ కలిసి ఓడెక్కింది మన కాలంలోనే. రాయల్ కరీబియన్ 1968లో, కార్నివాల్ 1972లో మొదలయ్యాయి. 1977 నుంచి 1986 దాకా అమెరికన్ టీవీలో నడిచిన 'ద లవ్ బోట్' సీరియల్ చూసినవాళ్ళకి క్రూయిజ్ అంటే పెద్దవాళ్ళ విహారం. పిల్లలున్న కుటుంబాలు కూడా ఎక్కాలంటే, ఎక్కాక బార్లోనూ కాసినోలోనూ స్పాలోనూ ఖర్చు పెట్టాలంటే, పిల్లలు ఎక్కడో ఒకచోట సంతోషంగా ఉండాలి. 1998 జూలైలో డిస్నీ మ్యాజిక్ బయల్దేరేసరికి పిల్లల గదులు ఓడకి ముఖ్య ఆకర్షణ అయిపోయాయి. రాయల్ కరీబియన్‌లో చాలాకాలం నడిచిన విభజన 3-5, 6-8, 9-11, 12-14, 15-17. కార్నివాల్‌లో అన్నిటికన్నా చిన్న గుంపు 2 నుంచి 5. డిస్నీ మాత్రం తర్వాత తన రెండు పెద్ద గదుల మధ్య గీత చెరిపేసి చిన్నపిల్లలు ఎటైనా తిరగొచ్చంది. మూడేళ్ళు దాటినవాళ్ళకి పగటిపూట డబ్బు తీసుకోరు కానీ, చాలా ఓడల్లో ఒక షరతు ఉంది, డైపర్ లేకుండా రావాలి. అంతకన్నా చిన్నవాళ్ళకి నర్సరీ, గంటకింత. ఇక్కడా అదే పాత లెక్క: పిల్ల ఎంత చిన్నదైతే, ఎంత తడిపితే, అంతగా తల్లికే మిగులుతుంది.

ఇంతవరకూ చదివినవాళ్ళు నేను వయసు గీతలన్నిటినీ తప్పు పడుతున్నాననుకోవచ్చు. ఓడ దిగిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. మన పద్ధతే ఎంత బాగుంది అనిపించింది. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. తారీఖు ఎవరడిగారు? పిల్ల ఏం చేస్తోందో చూసి, దానికి తగ్గట్టు పండగ చేశారు. పాకే పిల్ల, తప్పటడుగుల పిల్ల, ముద్దుమాటల పిల్ల అని పిల్లల్ని వాళ్ళ పనులతోనే పిలిచారు. ఎంత మానవీయం! కానీ ఆ పొయ్యి దగ్గర కూర్చుని అరిసెలు వత్తింది ఎవరో కాసేపు పక్కన పెట్టినా, ఆ వరసలో తర్వాతి మెట్టు ఏమిటో గుర్తు చేసుకుందాం. ఆడపిల్లకి ఆ మెట్టు పెద్దమనిషి అవ్వడం. తారీఖు అడగని పద్ధతి, శరీరాన్ని చూసి వయసు తేల్చే పద్ధతి, ఆడపిల్లని ఎక్కడికి తీసుకెళ్ళిందో 'కన్యాశుల్కం' చదివిన మనకి వేరే చెప్పాలా? సుబ్బికి కావలసింది ఒక గీత. ఇంత వయసు నిండేదాకా ఈ పిల్ల పిల్లే అని గట్టిగా చెప్పే ఒక అంకె. కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే పసిపిల్ల భర్త చేతిలో చనిపోయాక, 1891లో సమ్మతి వయసుని 10 నుంచి 12కి పెంచడానికి ఎంత గొడవయిందో మనకి తెలుసు. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళన్నది, 1978లో అది 18 అయింది. ఆ అంకెలు మనకి ఎవరో దయతో ఇచ్చినవి కావు.

శారదా చట్టం వచ్చాక గోదావరి జిల్లాల్లో ఏమైంది? పెళ్ళివారు ఏరు దాటి యానాం వెళ్ళారు. అది ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉంది, అక్కడ ఈ చట్టం లేదు. పసిపిల్లల పెళ్ళిళ్ళు అక్కడ ఎన్ని జరిగాయంటే ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరే వచ్చింది. జెండా మారితే ఆడపిల్ల వయసు మారిపోయింది. నాకిది ఓడల దగ్గరే మళ్ళీ తట్టింది. అమెరికా రేవుల నుంచి బయల్దేరే క్రూయిజ్ ఓడల్లో చాలావాటి మీద ఎగిరేది బహామాస్ జెండా, పనామా జెండా. నేలమీద శిశుసంరక్షణ కేంద్రాలకి ఉండే నియమాలు ఆ ఓడల్లోని పిల్లల గదులకి అలాగే వర్తించవు. గీత ఎక్కడ గీయాలన్నది చాలావరకూ కంపెనీ ఇష్టం.

చాలావరకూ అన్నాను, పూర్తిగా కాదు. 2005లో స్పెక్టర్ వర్సెస్ నార్వీజియన్ క్రూయిజ్ లైన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, వికలాంగుల హక్కుల చట్టం అమెరికా జలాల్లో ఉన్న విదేశీ జెండా ఓడలకీ వర్తిస్తుందని చెప్పింది. 2014లో రాయల్ కరీబియన్ ఆటిజం ఉన్న పిల్లల కోసం కొత్త పద్ధతి తెచ్చింది. 3 నుంచి 11 ఏళ్ళ మధ్య అలాంటి పిల్లల్ని వయసునిబట్టి కాక వాళ్ళ శక్తినిబట్టి సరిపోయే గుంపులో పెట్టొచ్చు, డైపర్ నియమాన్నీ సడలించవచ్చు. కదలదనుకున్న గీత కదిలింది. కుటుంబాలు, ముఖ్యంగా తల్లులు, తమ పిల్లల తరఫున అడగ్గా అడగ్గానే ఇలాంటివి కదులుతాయి. పిల్లల్ని వాళ్ళు చేసే పనులనిబట్టి చూసే మన అరిసెల లెక్క, ఇంత వయసుకి ఇంత హక్కు అనే చట్టం లెక్క, రెండూ ఒకేచోట ఉండొచ్చనడానికి నాకు కనపడిన ఆధారం ఇదొక్కటే.

కౌంటర్ దగ్గరి అమ్మాయితో ఆఖరిరోజు కాసేపు మాట్లాడాను. ఆమెది ఫిలిప్పీన్స్. టీచరు చదువు చదివింది. ఆర్నెల్ల కాంట్రాక్టు, ఇది నాలుగోది. ఆమెకి నాలుగేళ్ళ కొడుకున్నాడు, ఇంటిదగ్గర వాళ్ళమ్మ చూస్తుంది. 2006లో రూపొంది 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం ఆమెకి 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి. అంటే మిగిలిన 14 గంటలూ పనిచేయించినా నియమం తప్పినట్టు కాదు. ప్రపంచంలో ధ్రువపత్రాలున్న నావికోద్యోగుల్లో స్త్రీలు 2021 లెక్క ప్రకారం 1.28 శాతమే. వాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి విహార నౌకల్లోనే ఉన్నారు. ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో 'గ్లోబల్ కేర్ చెయిన్' అన్నది ఈ గొలుసునే. నా బిడ్డని ఆమె చూస్తుంది, ఆమె బిడ్డని వాళ్ళమ్మ చూస్తుంది. మా విషయంలో ఆ గొలుసు ఇంకా పొట్టిది. ఓడ 19 రోజులకి చెయ్యి దులిపేసుకుంటే మా అమ్మే అందుకుంది. ఆయా అందుకున్నట్టు, వలస ఓడలో తన వాటా నీళ్ళు పంచిన తల్లి అందుకున్నట్టు.

పిల్లల గదుల్ని తీసెయ్యాలని నేననను. నా వదినెలు, స్నేహితురాళ్ళు ఎంతమందికో ఆ రెండు గంటలు తప్ప ఏడాది మొత్తంలో తీరిక లేదు. పిల్లని తల్లి పక్కలోంచి కాసేపు విడదీసే ఏ ఏర్పాటునైనా తేలిగ్గా తీసిపారేసే హక్కు మనలో ఎవరికీ లేదు. నా అభ్యంతరం ఒకటే. గీత గీసేవాళ్ళు ప్రతిసారీ అవతల మిగిలిపోయే పిల్లని ఎత్తుకోవడానికి ఒక ఆడమనిషి ఎలాగూ ఉంటుందని ధీమాగా ఉన్నారు. 1855లో ఉన్నారు, 2023లో ఉన్నారు. ఆ ఆడమనిషికి ఏ జాబితాలోనూ గడి లేదు. పరిశోధన చేసేవాళ్ళం కనీసం ఆ గడి గీసి, నింపడం మొదలుపెట్టాలి.

నా జాబితా ఇంటి నుంచే మొదలుపెడతాను. అక్క మా కోసం తీసుకున్నది ఓడ లోపలి వరస క్యాబిన్. అది చవక. దానికి కిటికీ లేదు. అమ్మ మూడు పగళ్ళు అందులోనే గడిపింది. మా పాపకి పులి-ఆవు కథ చెప్పింది, కాగితాలతో పడవలు చేసింది, మధ్యాహ్నం నిద్రపుచ్చింది. నాలుగోరోజు సాయంత్రం నేను వ్యాసం ముగించి, సంతోషంగా క్యాబిన్‌కి వచ్చి, "అమ్మా, సముద్రం ఎలా ఉంది?" అని అడిగాను. అప్పటికిగానీ నాకు ఆ గదికి కిటికీ లేదన్నది కళ్ళకి కనపడలేదు.

"నాకేమే, ఏసీ చల్లగా ఉంది" అంది అమ్మ.

ఆ రాత్రి పాపని అక్కకి అప్పజెప్పి అమ్మని పైడెక్ మీదికి తీసుకెళ్ళాను. చీకట్లో నీళ్ళు కనపడలేదు, చప్పుడు మాత్రం వినపడింది. గాలికి కొంగు నడుముకి బిగించి అమ్మ చాలాసేపు కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను ఏదో చెప్పబోతే, "ఉండవే, విననీ" అంది.